విశ్వభారతిలో చీనా, భోట విద్యలు

క్రీ. శ. 1857వ సంవత్సరమున కలకత్తా, బొంబాయి, మదరాసు పట్టణములందు విశ్వవిద్యాలయములు లండను విశ్వవిద్యాలయమును మేలుబంతిగా గొని వెలసినవి. తొలినాళ్లలో వానికి బోధనతో పని లేదు. పరీక్షలు జరుపుటయు, పట్టము లిచ్చుటయు వాని కృత్యములు. అందు విదేశ విద్యకు కొఱత లేదు. షేక్స్‌పియరు నాటకములును, ఇంగ్లండు చరిత్రమును చదివియే యువకులు పట్టభద్రు లగుచుండిరి. కావున మన యున్నత విద్యకు పరదేశముల గాలి సోకలేదనుట పొరపాటు. లోపము వేఱొకచోట నుండెను. విదేశమన్న నొక్క పశ్చిమమే. ఆ పశ్చిమమును ఒక్క యింగ్లండు వాకిటినుండియే వచ్చుచుండెను. భారతవర్షముతో వేయియేండ్లు విద్యావ్యాపారము నెఱపిన చీనా, టిబెట్టు దేశములు పాఠపట్టికలో కానరావు. ఇక సంస్కృత పండితులు తమ పాఠశాలలలో తర్కవ్యాకరణములు చెప్పుకొనుచు, ఆ పట్టికతో సంబంధము లేనివారై యుండిరి.

ఈ రెండు లోపములును నిజమున కొక్కటే యని గ్రహించినవారు మిక్కిలి కొలదిమంది. వంగదేశమున కొంత నేల యప్పటికే దున్నబడి యుండెను. శరచ్చంద్రదాసుగారు టిబెట్టునకు బోయి వచ్చి 1902లో భోటభాషా నిఘంటువును ప్రకటించిరి. అశుతోష ముఖర్జీగారి యేలుబడిలో కలకత్తా విశ్వవిద్యాలయము పాళీ భాషకును, భోటభాషకును చోటిచ్చెను. కాని పరదేశ విద్యలను చుట్టును గూర్చుకొని, వాని నడుమ స్వదేశ శాస్త్రములను నిలిపి, యొక సంపూర్ణ పాఠక్రమమును కట్టుటకు జరిగిన పెద్ద ప్రయత్నము శాంతినికేతనమందలి విశ్వభారతి.

దీని పుట్టుకను గూర్చి రవీంద్రనాథ ఠాకూరుగారే చెప్పిన వృత్తాంత మొకటి కలదు. అది పండితులు ప్రత్యేకముగా గమనింపదగినది. 1901లో అయిదుగురు బాలురతో నారంభమైన బ్రహ్మచర్యాశ్రమమునకు 1905 ప్రాంతమున విధుశేఖర భట్టాచార్యశాస్త్రిగారు అధ్యాపకులై వచ్చిరి. వీరు కాశిలో ప్రాచీన పద్ధతిని శాస్త్రములు చదివినవారు, ఆచారనిష్ఠ గలవారు. తమ గ్రామమున నున్న టోలును, అనగా వంగదేశపు సంస్కృత పాఠశాలను, విరివిచేసి, అన్ని శాస్త్రములకును, అందు చేరని యితర విద్యలకును తావు కల్పింపవలెనని వీరి కోరిక. అందుకై శాంతినికేతనమును వీడి స్వగ్రామమునకు బోయిరి. అచట నది నెఱవేరలేదు. ఆ పని యాశ్రమముననే చేయుదమని కవి మాటయిచ్చి వారిని మరల రప్పించిరి. ఈ విధమున లోకమంతటిని పిలిచిన విద్యాపీఠమునకు మొదటి విత్తు ఒక పల్లెపండితుని టోలులో పడినది. దీనిని మఱచి విశ్వభారతిని కేవలము ఐరోపా సంచారఫలముగా వర్ణించువారు సగము కథయే చెప్పుచున్నారు.

మిగిలిన సగమును నిజమే. 1916లో రవీంద్రులు జపానునకును, అమెరికాకును బోయిరి. జాతీయతయను పేర దేశములు ఒండొంటిని కబళించు తీరును ఖండించుచు ఆ యాత్రలో నుపన్యసించిరి. ఆ యేడే అమెరికానుండి కుమారునికి వ్రాసిన లేఖలో శాంతినికేతనము భారతదేశమును ప్రపంచముతో ముడివేయు సూత్రము కావలెనని తెలిపిరి. 1918 డిసెంబరులో విశ్వభారతికి శంకుస్థాపన జరిగెను. 1919 ఆరంభమున వారు దక్షిణదేశమున సంచరించి, మదరాసునందు భారతీయ సంస్కృతీ కేంద్రమును గూర్చి ప్రసంగించిరి. మన మదనపల్లెలో బిసెంటు దివ్యజ్ఞాన కళాశాలయందు విడిసి, జనగణమన గీతమును ఆంగ్లమున ననువదించినదియు ఆ సంచారముననే. ఆ మదరాసు ప్రసంగమున విశ్వభారతీ పాఠక్రమమునకు మూలసూత్రము కనబడును. వైదిక, పౌరాణిక, బౌద్ధ, జైన, మహమ్మదీయ విద్యాప్రవాహములను ముందుగా నొక్కచోట చేర్చవలెను. ఐరోపా విద్య ఆ సంగమమునకు అతిథిగా రావలెను. అంతియకాని యింటి యజమానిగా కాదు. విశ్వవిద్యాలయము ముఖ్యముగా విద్య నుత్పత్తి చేయు స్థలము, పంచిపెట్టుట తరువాతి పని యనియు వారి యభిప్రాయము. పండితులు తమ పరిశోధనము చేసికొనుచుండగా విద్యార్థులు వారిచుట్టు చేరుదురు. పాఠము పనిలోనుండి పుట్టును.

1921వ సంవత్సరమున ఈ తలంపునకు ఎదురుగాలి వీచెను. సహాయనిరాకరణోద్యమము ప్రబలమై విద్యార్థులు ప్రభుత్వ కళాశాలలను విడుచుచున్న కాలమది. పశ్చిమదేశములనుండి తిరిగివచ్చిన రవీంద్రులు ఆ ఆగస్టున కలకత్తాలో విద్యల కలయికను గూర్చి ప్రసంగించి, పశ్చిమము తన విద్యచేతనే లోకమును గెలిచినదనియు, ఆ విద్యను బహిష్కరించుట తగదనియు చెప్పిరి. గాంధీమహాత్ముడు 1921 అక్టోబరులో తమ పత్రికయందు ప్రత్యుత్తర మిచ్చిరి. ఆకలిగొన్న దేశమునకు ముందు పని కావలెనన్నది వారి వాదము. పరదేశ సంస్కృతికి తాము ద్వేషులు కామని వారును అంతకుముందే వ్రాసియుండిరి. ఇరువురి నడుమ భేదము తలుపు తెఱచుట మూయుటలను గూర్చినది కాదు, ఏ పని ముందు అన్నదానిని గూర్చినది. ఈ వివాదము సాగుచుండగనే, 1921 డిసెంబరు 23వ తేదీన బ్రజేంద్రనాథ శీలుగారి యధ్యక్షతను విశ్వభారతి లాంఛనముగా ప్రారంభమైనది. ప్రపంచమంతయు నొక్క గూడుగా చేరుచోటు అను భావముగల యజుర్వేద వాక్యము దానికి ముద్రావాక్య మయ్యెను.

ఆ ప్రారంభోత్సవమునకు నెలముందే పారిసునుండి సిల్వేన్ లెవీగారు మొదటి యతిథి ఆచార్యులుగా వచ్చి చేరిరి. భారతీయ నాటకమును గూర్చియు, నేపాళ చరిత్రమును గూర్చియు బృహద్గ్రంథములు వ్రాసి, అసంగుని మహాయానసూత్రాలంకారమును 1907లో ప్రకటించినవారు వీరు. ఇట్టివారు భారతదేశమునకు వచ్చి ఫ్రెంచి సాహిత్యమునో, ఐరోపా చరిత్రమునో బోధింతురని యెవరైన నెదురుచూతురు. వారు బోధించినవి చీనా, భోట భాషలు. విద్యార్థుల పంక్తిలో ముందు కూర్చున్నవారు విధుశేఖర శాస్త్రిగారు. అప్పటికి వారికి నలుబదియేండ్లు దాటినవి. కలకత్తా విశ్వవిద్యాలయమునుండి అశుతోషులు పంపిన ప్రబోధచంద్ర బాగ్చీగారు మఱియొకరు.

ఫ్రెంచి పండితుడు వంగ పండితునకు చీనాభాష నేర్పుట వింతగా తోచవచ్చును. దీనికి కారణము భాషాకుతూహలము కాదు. బౌద్ధాచార్యుల సంస్కృత గ్రంథములు మన దేశమున పెక్కులు నశించినవి. నాగార్జున, ఆర్యదేవ, వసుబంధు, దిఙ్నాగుల పేళ్లు మన తార్కికులును, మీమాంసకులును పూర్వపక్షములలో వినుచునే యుండిరి. ఉద్యోతకరుడును, కుమారిలభట్టును, వాచస్పతిమిశ్రుడును ఖండించిన మాటలలో వారి మతము ముక్కలుముక్కలుగా నిలిచెను. ప్రతివాది నోట తప్ప వాది నోట వినుటకు వీలులేకపోయెను. ఆ వాది మాటలు చీనా, భోట భాషాంతరములలో భద్రముగా నుండెను. అనగా పండితునకు తన శాస్త్రముననే సగము పాఠము పరదేశ భాషలో నున్నది. న్యాయవార్తికమును క్షుణ్ణముగా నెఱుగగోరువాడు భోటభాష నేర్వక తప్పదని తేలినప్పుడు, విదేశ విద్య పాఠక్రమమునకు తగిలించిన యలంకారము కాదని స్పష్టమగుచున్నది. విశ్వభారతి చేసిన మేలిమి పని యంతయు ఈ యెఱుకనుండి పుట్టినదే.

ఈ పని జరుగు తీరును కొంత వివరించుట యవసరము. భోట భాషాంతరకర్తలు సంస్కృత పదములకు నియతమైన ప్రతిపదములు కల్పించుకొనిరి. క్రీ. శ. తొమ్మిదవ శతాబ్ది యాదిని అందుకై మహావ్యుత్పత్తి యను సంస్కృత భోట పదకోశము రాజాజ్ఞచే కూర్పబడెను. 'విజ్ఞాన' శబ్దమునకు వారు 'ర్నమ్ పర్ షెస్ ప' యని వ్రాయుదురు. అందు మొదటి రెండు మాటలు 'వి' యను నుపసర్గమునకు, తక్కినవి 'జ్ఞా' ధాతువునకు సరిపోవును. ఉపసర్గమును సయితము విడువని యిట్టి భాషాంతరమును, సంస్కృతవ్యాకరణ మెఱిగినవాడు వెనుకకు నడపి మూలమునకు మిక్కిలి చేరువకు రాగలడు. చీనా భాషాంతరములు వేఱు తీరువి. కుమారజీవుడు భావమును పట్టి స్వేచ్ఛగా వ్రాసెను. హ్యూన్‌త్సాంగు పదమునకు పదము పెట్టుటకు యత్నించెను. అయినను చీనాభాషలో విభక్తులు లేవు గనుక, సమాసమును విడదీయుటలో సంశయము మిగులును. ఇచ్చటనే పండితుని సంస్కృత శిక్ష పనికివచ్చును. యూరపు విద్వాంసుడు భాషాంతరమును చదివి యర్థము చెప్పును. కాశిలో చదివినవాడు ఆ యర్థమును శాస్త్రకారుడు ఏ వాక్యమున చెప్పియుండునో యూహింపగలడు.

విధుశేఖరులు చేసినదదియే. న్యాయప్రవేశమునకు భోటభాషాపాఠమును 1927లో బరోడా గ్రంథమాలయందు ప్రకటించిరి. ఈ చిన్న తర్కగ్రంథము చీనాసంప్రదాయమున శంకరస్వామికృతము, భోటసంప్రదాయమున దిఙ్నాగకృతము. రెంటిని ఎదురెదుట నిడి చూడనివానికి ఆ వివాద మున్నట్లే తెలియదు. ఆర్యదేవుని చతుఃశతకమునకు హరప్రసాద శాస్త్రిగారు తెచ్చిన సంస్కృతశకలములు 1914లో అచ్చుపడియుండెను. దాని యుత్తరార్ధమును విధుశేఖరులు భోటపాఠము తోడ్పాటున పూరించి 1931లో విశ్వభారతి పక్షమున వెలువరించిరి. మఱియొక ప్రక్క 1922లో లెవీగారు బాగ్చీగారిని వెంటగొని నేపాళమునకు బోయిరి. వసుబంధుని వింశతికయు, స్థిరమతి భాష్యముతోడి త్రింశికయు వారికచట సంస్కృతముననే లభించినవి. అవి 1925లో పారిసున అచ్చయినవి.

పునర్నిర్మాణమునకు హద్దులును కలవు. మూలము పోయినచోట పండితుడు కట్టిన వాక్యము ఎంత సొగసుగా నున్నను ఆచార్యుని వాక్యము కాదు. శాంతినికేతనమున కొంతకాలము బోధించిన ఇటలీదేశీయులు జోసెప్పె తూచ్చిగారు, దిఙ్నాగునికి ముందటి తర్కగ్రంథములను చీనాభాషనుండి 1929లో ప్రకటించిరి. అందు నాగార్జునుని విగ్రహవ్యావర్తనికి చీనా భోటపాఠముల ననుసరించిన భాషాంతరము గలదు. 1936లో రాహుల సాంకృత్యాయనులకు టిబెట్టు మఠమున ఆ గ్రంథపు సంస్కృత ప్రతియే దొరకెను. మఱుసటియేట జాయస్వాలుగారితో కలిసి దానిని ప్రకటించిరి. అంతవఱకు భాషాంతరములపై నాధారపడిన యర్థములను ఇక మూలముతో సరిచూచుకొనవలసివచ్చెను. ఇట్టి పరీక్ష కలుగుట మంచిదే. పునర్నిర్మిత పాఠమును మూలపాఠమువలె నుదాహరించు నలవాటు కొందఱికి కలదు, అది తగదు.

ఈ విద్య ఊరక ప్రాతప్రతుల లెక్కతో ఆగలేదు. వేదాంతుల యింటిలోనికే వచ్చెను. విధుశేఖరులు గౌడపాదుల ఆగమశాస్త్రమును 1943లో కలకత్తా విశ్వవిద్యాలయము పక్షమున ప్రకటించుచు, మాండూక్యకారికల నాలుగు ప్రకరణములును వేర్వేఱు గ్రంథములనియు, నాలుగవదైన అలాతశాంతి బౌద్ధపరిభాషతో నిండినదనియు వాదించిరి. శంకర భగవత్పాదులకు పరమగురువులుగా పూజింపబడు వారిని గూర్చి యాచారవంతుడైన బ్రాహ్మణ పండితు డొకడు ఇట్లు వ్రాయుట పలువురకు కష్టము కలిగించెను. 1952లో మదరాసు విశ్వవిద్యాలయ ప్రచురణమైన గ్రంథమున టి. ఎం. పి. మహాదేవన్ గారు దీనిని నిరాకరించి, గౌడపాదులు అద్వైతులే యని సమర్థించిరి. నిర్ణయ మెట్లున్నను, విధుశేఖరులు చూపిన సమానవాక్యములను చూడక అలాతశాంతిని వ్యాఖ్యానించుట తరువాతివారికి సాధ్యము కాలేదు. చీనా భోట విద్యలు పాఠక్రమమున చేరినందువలన కలిగిన నిజమైన మార్పు ఇట్టిది. అది కొందఱికి ప్రియము కాకపోవుటయే దాని బలమునకు గుఱుతు.

విశ్వభారతి కితర దేశములనుండి వచ్చినవారి పట్టిక దీర్ఘమైనది. ప్రేగునుండి వింటర్నిట్జుగారు 1922-23లోను, లెస్నీగారు 1923లోను, నార్వేనుండి స్టెన్ కోనోగారు 1924-25లోను వచ్చిరి. హైదరాబాదు నిజాము 1927లో నిచ్చిన లక్ష రూపాయలతో మహమ్మదీయ విద్యాపీఠ మేర్పడి, హంగరీనుండి జూలియస్ జర్మానసుగారు 1929లో దాని నలంకరించిరి. 1932లో రవీంద్రులు పారసీకమునకు బోయివచ్చిన పిదప, ఆ ప్రభుత్వము పూర్ దావూద్ గారిని పంపెను. చూచుటకిది వైభవమే. కాని యతిథి వెడలిపోయినంతనే పాఠమును వెడలిపోవుట పెక్కుసారులు జరిగెను. లెవీగారు నిలిచినది ఏడాదికంటె తక్కువ. పట్టముల కాశపడు సామాన్య విద్యార్థి కలకత్తా పరీక్షలకే చదువవలెను. భోటభాష ఆ పరీక్షలలో నతనికి కూడు పెట్టదు. అతిథుల వలన లాభము పొందినవారు అప్పటికే పండితులైనవారు, వారి ప్రియశిష్యులు కొలదిమంది.

దానమున నుండు కంటకము ఇటలీవారి విషయమున వెల్లడియైనది. 1925 నవంబరులో ఫొర్మీకిగారును, తూచ్చిగారును వచ్చిరి. తూచ్చిగారి వేతనమును, ఇటలీ గ్రంథములతో నిండిన యొక పుస్తకభాండారమును ముస్సోలినీ ప్రభుత్వము దయచేసెను. తూచ్చిగారివంటి భోటవిద్యావేత్త దొరకుట యరుదు. 1926లో రవీంద్రులు ఇటలీకి పోగా వారి మాటలను అచటి పత్రికలు తమ ప్రభుత్వమునకు స్తోత్రములుగా మార్చి ప్రకటించెను. కవి ఆ యాగస్టున ఆంగ్ల పత్రికయందు ఫాసిస్టు మతమును ఖండించిరి. పిమ్మట తూచ్చిగారు శాంతినికేతనమునుండి తొలగింపబడి, భారతదేశముననే యితర విద్యాలయములలో కొన్నియేండ్లు గడపిరి. పరరాజ్య ధనముతో నడచు పీఠము ఆ రాజ్యముతోడి మైత్రి యున్నంతకాలమే నిలుచును. కవి నిజము చెప్పుటకు వెనుదీయలేదు. దాని వెలను భోటవిద్యార్థులు చెల్లించిరి.

చీనావిద్య మాత్రము నిలుకడ పొందెను. 1924లో రవీంద్రులు క్షితిమోహన సేను, నందలాల్ వసు మొదలగువారితో చీనా యాత్ర చేసిరి. అచట యువకులు కొందఱు వారిని ప్రాచీనవాదియని యెదిరించిరి గనుక ఆ యాత్ర పూర్తిగా ఫలించెననరాదు. ఫలము మూడేండ్లకు వేఱొకచోట పండెను. 1927లో సింగపూరున తాన్ యున్-షాన్ అను చీనా యువకుడు కవిని దర్శించి, 1928లో శాంతినికేతనము చేరి, కొలదిమంది విద్యార్థులకు చీనాభాష చెప్ప నారంభించెను. ఆయన అతిథి కాదు, వచ్చి నిలిచిపోయినవాడు. చీనాకు బోయి మిత్రులచేత నాన్‌కింగున 1933లో చీనాభారత సాంస్కృతిక సమాజమును నిలిపించి, ధనమును, వేలకొలది గ్రంథములను సేకరించి తెచ్చెను. 1937 ఏప్రిలు 14వ తేదీన, వంగీయుల సంవత్సరాదినాడు, చీనాభవనము ప్రారంభమయ్యెను. జపాను చీనాపై దండెత్తిన దాయేడే జూలైలో. తన దేశము మంటలలో నున్న దినములలో తాన్ గారు ఇచట త్రిపిటకపు పుటలు తిప్పుచు విద్యార్థులకు అక్షరములు దిద్దించిరి. భవనము, పుస్తకములు, నిత్యనివాసియైన గురువు అను మూడును కూడినపుడు గాని పరదేశ విద్య వేరూనలేదు.

ఆంధ్రులకు దీనితో నొక సన్నిహిత సంబంధము గలదు. మాధ్యమికాచార్యుడైన భావవివేకుని గూర్చి హ్యూన్‌త్సాంగు తన యాత్రాగ్రంథమున ధాన్యకటక వర్ణనమునందు వ్రాసెను. ఆ యాచార్యుడు పైకి సాంఖ్యవేషము ధరించి, లోపల నాగార్జునుని విద్యను పోషించెననియు, మైత్రేయుని రాకకై ధాన్యకటకమునకు దక్షిణమున నొక శిలాగర్భమున ప్రవేశించెననియు నా కథ. ఆ ప్రాంతమునకు వచ్చి, కథను విని, వ్రాసికొని పోయిన యాత్రికుడే భావవివేకుని కరతలరత్నమను గ్రంథమును చీనాభాషలోనికి మార్చెను. ఇచట సంస్కృత మూలము పోయెను. భోట భాషాంతరమును లేదు. పదుమూడు వందల యేండ్లు ఆ గ్రంథము చీనా లిపిలోనే జీవించెను. బెల్జియము పండితులు లా వాలే పూసేన్ గారు దానిని ఫ్రెంచిలోనికి తెచ్చిరి.

దానిని తిరిగి సంస్కృతమున నిలిపినవారు ఎన్. అయ్యస్వామి శాస్త్రిగారు. దాక్షిణాత్యులు, సంస్కృతముతో పాటు భోట, చీనా భాషల నభ్యసించి, దిఙ్నాగుని ఆలంబనపరీక్షను 1942లో అడయారునుండి ప్రకటించినవారు. వారి కరతలరత్నము 1949లో విశ్వభారతి ప్రచురణములలో వెలువడెను. హ్యూన్‌త్సాంగు చీనా పదములను ముందుంచుకొని, మాధ్యమికుల పరిభాషను అనుసరించి, వాక్యము వెంట వాక్యముగా కట్టిన పాఠమది. హ్యూన్‌త్సాంగు పదానుసారి గనుక ప్రతిజ్ఞాహేతుదృష్టాంతములు దానిలో తేటగా నిలిచినవి. సంస్కృతము మాత్రమే చదివిన ఆంధ్ర పండితుడు ధాన్యకటకపు టాచార్యుని యనుమానవాక్యములను దేవనాగరి లిపిలో వరుసగా చదువుకొనుటకు అప్పటినుండి వీలు కలిగెను. రెండేండ్లకు, 1951లో, పార్లమెంటు చట్టముచే విశ్వభారతి కేంద్ర విశ్వవిద్యాలయమయ్యెను. లెవీగారి చెంత 1921లో చీనా యక్షరములు దిద్దిన బాగ్చీగారు 1954లో దానికి ఉపాధ్యక్షులై, 1956లో ఆ పదవియందుండగనే మరణించిరి.